యాంటెన్నాతో నడిచే పాత టీవీలున్న ఇంటిని డిజిటల్ ప్రసారాలకు ఎలా సిద్ధం చేయాలి?

మేడమెట్లు (ప్రశ్న)

మా అత్తమామల ఇంట్లో టీవీ ఇప్పటికీ మేడ మీది యాంటెన్నాతోనే నడుస్తుంది. కేబుల్ లేదు, డిష్ లేదు, పెట్టించుకోమంటే మామయ్య వినరు. పాత పద్ధతి అనలాగ్ ప్రసారాలు ఆగిపోతాయన్న ప్రకటన తెర అడుగున పట్టీలా రోజూ వస్తోందట. "ఇంకా నెలలు ఉన్నాయి, అప్పుడు చూద్దాం" అని ఆయన నిమ్మళంగా ఉన్నారు. కంగారంతా అత్తయ్యది. ఆవిడ ఫోను చేసిన ప్రతిసారీ అందులో కొంత నాకు అంటుతోంది.

ఇంట్లో సరంజామా ఇదీ. ముందుగదిలో పిక్చర్ ట్యూబు ఉన్న పెద్ద టీవీ, దాని వెనక పసుపు, తెలుపు, ఎరుపు జాక్‌లు ఉన్నాయి. వంటింట్లో చిన్న టీవీ, దాని నెత్తిన రెండు కడ్డీల యాంటెన్నా. దీనికి వెనక యాంటెన్నా పిన్ను పెట్టే చోటు తప్ప ఇంకేమీ లేదు. పడకగదిలో మా మరిది వదిలి వెళ్లిన పలుచని టీవీ. "అది ఫ్లాట్ టీవీ, దానికి ఏమీ అక్కర్లేదు" అంటాడు మరిది. వీటికి తోడు ఒక వీసీఆర్. నవ్వకండి, మధ్యాహ్నం సీరియల్‌ను అత్తయ్య అందులో టైమర్ పెట్టి రికార్డు చేసుకుని తీరిక చిక్కినప్పుడు చూస్తారు. మామయ్యకు వినికిడి తగ్గింది, తెర మీద వచ్చే మాటలు చదువుకుంటారు.

మూడు టీవీలకూ మూడు సెట్‌టాప్ బాక్సులు కొనాలా? యాంటెన్నా మార్చాలా? దుకాణంలో ఒకాయన "డిజిటల్ యాంటెన్నా" తప్పనిసరి అన్నాడు. నేను సెలవుల్లో వెళ్తాను. ఉన్న కాస్త సమయంలో ఏది ముందు చేయాలో తెలిసినవారు చెప్పండి.

రాత్రిడ్యూటీ

మూడు పాత డబ్బాలూ తీసేసి ఒక మంచి కొత్త టీవీ కొనండి, గొడవ వదిలిపోతుంది. అయినా ఈ గడువులు నిలబడవండీ. అమెరికాలో 2009 ఫిబ్రవరి 17 అని ఊదరగొట్టి చివరి నిమిషంలో జూన్ 12కు జరిపారు. మీ మామయ్యగారి నిమ్మళమే సరైనదేమో.

టంకంపొగ

టీవీల రిపేర్లతోనే బతికినవాణ్ణి. కొత్త టీవీ అమ్మితే నాకు రూపాయి రాదు, పాతది బాగుచేస్తేనే వచ్చేది. కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, అది లెక్కలో వేసుకుని చదవండి.

గడువు సంగతి ముందు. అమెరికాలో జరిపినమాట నిజం. జపాన్‌లో కూడా 2011 జూలై 24న దేశమంతా ఆపేసి, భూకంపం, సునామీ దెబ్బ తిన్న మూడు ప్రాంతాలకు మాత్రం 2012 మార్చి 31 దాకా గడువిచ్చారు. కానీ జరిపినచోట కూడా ఆగక మానలేదు. బెర్లిన్‌లో 2003లోనే అనలాగ్ ఆగింది, 2006 సెప్టెంబరులో లక్సెంబర్గ్ దేశం మొత్తం మారిపోయింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒక అనలాగ్ ఛానల్ గాలిలో 6 నుంచి 8 మెగాహెర్ట్జ్ జాగా తీసుకుని ఒకే ఒక్క కార్యక్రమాన్ని మోస్తుంది. డిజిటల్‌లో అదే జాగాలో నాలుగైదు ఇరుకుతాయి. మిగిలిన జాగా మొబైల్ కంపెనీలకు పోతుంది. అంత విలువైన జాగాను మీ మామయ్యగారి కోసం ఎవరూ ఖాళీగా ఉంచరు.

ఇక మీ ఇల్లు. టీవీ అంటే తెర, స్పీకరు, ప్రసారాన్ని పట్టే ట్యూనర్ ఒకే డబ్బాలో కూర్చున్న వస్తువు. అనలాగ్ ఆగిననాడు పనికిరాకుండా పోయేది ట్యూనర్ ఒక్కటే. ఆ పని చేసే బాక్సు ఒకటి బయట పెడితే తెర, స్పీకరు ఎప్పటిలాగే పనిచేస్తాయి. అందుకని టీవీల జోలికి తర్వాత వద్దాం. నేనైతే ముందు మేడ ఎక్కుతాను.

ఎందుకంటే, అనలాగ్ ఓర్పున్న పద్ధతి. సిగ్నల్ తగ్గితే తెర మీద చుక్కలు పడతాయి, గరగరమంటుంది, బొమ్మ పక్కన నీడలా ఇంకో బొమ్మ కనిపిస్తుంది, అయినా మనిషి చూస్తూనే ఉంటాడు. డిజిటల్‌లో ఆ మధ్యస్థితి దాదాపు ఉండదు. ఒక హద్దు దాకా బొమ్మ అద్దంలా వస్తుంది. హద్దు దగ్గర చతురస్రాలుగా పగులుతుంది, మాట తెగుతుంది. హద్దు దాటితే నల్ల తెర. మామయ్యగారు ఏళ్లుగా చుక్కల్లోనే చూస్తున్న ఛానల్ ఏదైనా ఉంటే, ముందు పోయే ప్రమాదం దానికే. మీరు వెళ్లగానే ఒక కాగితం మీద ఏ ఛానల్ ఎలా వస్తోందో రాసుకోండి. అనలాగ్ ఇంకా నడుస్తుండగానే రాయాలి సుమా, ఆగిన తర్వాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

యాంటెన్నా నుంచి దిగే తీగ చూడండి. పలుచగా, బల్లపరుపుగా, రెండు అంచుల్లో రెండు తీగలుండే రకమైతే అది 300 ఓమ్‌ల పాత తీగ. ఎండకు, వానకు పగిలి ఉంటుంది. దాన్ని తీసేసి గుండ్రటి కోయాక్సియల్ తీగ వేయించండి, ఆర్‌జీ-6 అని అడిగితే ఇస్తారు. అది 75 ఓమ్‌లది. యాంటెన్నా పాత రకమైతే రెండింటినీ కలపడానికి బొటనవేలంత మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. బిగింపుల దగ్గర ఆకుపచ్చ తుప్పు ఉంటే గీకి, కొత్త కనెక్టర్ వేసి, నీరు చేరకుండా చుట్టాలి. టీవీలు మార్చినా బొమ్మ రాలేదని గోలపెట్టిన ఇళ్లలో సగం జబ్బు ఈ తీగదే.

దారిలో ఒక తీగను రెండు మూడు టీవీలకు చీల్చే స్ప్లిటర్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కో దారిలో సుమారు 3.5 డెసిబెల్స్ తినేస్తుంది, అంటే వచ్చిన సిగ్నల్‌లో సగం కూడా ముందుకు పోదు. ఎప్పుడో తీసేసిన టీవీ కోసం పెట్టినది ఇంకా గోడ మీద వేలాడుతుంటే పీకేయండి.

డిజిటల్ యాంటెన్నా అనే వస్తువు లేదు. అట్ట డబ్బా మీద రాసుకుంటారు, అంతే. యాంటెన్నాకు తెలిసింది రేడియో తరంగమే, అందులో అనలాగ్ ఉందో డిజిటల్ ఉందో దానికి పట్టదు. పట్టేది ఫ్రీక్వెన్సీ. పొడవాటి కడ్డీలు వీహెచ్ఎఫ్‌కు, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీల బ్యాండుకు, పొట్టివి యూహెచ్ఎఫ్‌కు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల బ్యాండుకు. మీ ప్రాంతంలో గడువు తర్వాత ఏ ఛానల్ ఏ బ్యాండులో వస్తుందో ప్రసార సంస్థ ప్రకటిస్తుంది, అది చూసి నిర్ణయించండి. ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో అప్పటిదాకా యూహెచ్ఎఫ్‌లో డిజిటల్ ఇచ్చిన కొన్ని స్టేషన్లు 2009 జూన్ 12న వీహెచ్ఎఫ్‌కు వెళ్లిపోయాయి. ఫిలడెల్ఫియాలో 6వ నంబరు ఛానల్, షికాగోలో 7వ నంబరు ఛానల్ అలాగే వెళ్లాయి. ముందు రోజు వరకు బాగా చూసినవాళ్లలో చాలామందికి ఆ రోజు అవి మాయమయ్యాయి. చిన్న యూహెచ్ఎఫ్ యాంటెన్నాలు కొనుక్కున్నవాళ్లకే ఎక్కువ.

టీవీల సంగతి రెండో టపాలో రాస్తాను, ఇది ఇప్పటికే పొడుగైంది.

టంకంపొగ

ముందుగది టీవీకి సమస్యే లేదు. యాంటెన్నా తీగ బాక్సులోకి, బాక్సు నుంచి పసుపు, తెలుపు, ఎరుపు తీగలు టీవీలోకి. టీవీని ఏవీ (ఆడియో-వీడియో) ఇన్‌పుట్‌లో పెడితే సరిపోతుంది.

వంటింటి టీవీ దగ్గర జాగ్రత్త. దానికి యాంటెన్నా దారి ఒక్కటే కాబట్టి, బాక్సులోని బొమ్మను మళ్లీ అనలాగ్ ఛానల్‌గా మార్చి ఇచ్చే మాడ్యులేటర్ కావాలి. కొన్ని బాక్సుల్లో అది లోపలే ఉంటుంది, టీవీని 3 లేదా 4వ ఛానల్‌లో పెడితే బొమ్మ వస్తుంది. చాలా బాక్సుల్లో ఉండదు. వెనక యాంటెన్నా రంధ్రాలు రెండు కనిపిస్తే మాడ్యులేటర్ ఉన్నట్టే అనుకోవద్దు. రెండోది యాంటెన్నా సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు ముందుకు పంపే దారి మాత్రమే కావచ్చు. పుస్తకంలో చూడండి, లేకపోతే విడి మాడ్యులేటర్ కొనండి. నెత్తి మీది కడ్డీల యాంటెన్నా కూడా ఇకపై టీవీకి కాదు, బాక్సుకు తగిలించాలి. నిజానికి నాకైతే ఆ కడ్డీల మీద నమ్మకం లేదు. మనిషి అటూ ఇటూ నడిస్తేనే డిజిటల్ బొమ్మ పగలొచ్చు. మేడ మీది తీగ నుంచి ఒక దారి లాగగలిగితే మంచిది.

పడకగది టీవీ విషయంలో మీ మరిదిగారి మాట నమ్మకండి. తెర పలుచనైనంత మాత్రాన లోపల డిజిటల్ ట్యూనర్ ఉన్నట్టు కాదు. హెచ్‌డీ రెడీ అని రాసి ఉన్నా అది తెర గురించిన మాటే. వెనక చీటీ మీద డిజిటల్ ట్యూనర్ పేరు ఉండాలి, అది మీ దేశం ఎంచుకున్న పద్ధతే అయి ఉండాలి. ఉత్తర అమెరికా, దక్షిణ కొరియా ఏటీఎస్‌సీ వైపు వెళ్లాయి. యూరప్, ఆస్ట్రేలియా, మరెన్నో దేశాలు డీవీబీ-టీ, దాని తర్వాతి డీవీబీ-టీ2. జపాన్‌ది ఐఎస్‌డీబీ-టీ, బ్రెజిల్ దాన్నే కొద్దిగా మార్చి తీసుకుంది. చైనా సొంతంగా డీటీఎంబీ చేసుకుంది. ఒకదాని బాక్సు ఇంకోదానికి పనికిరాదు. ఒకే కుటుంబంలో కూడా తేడా ఉంది, డీవీబీ-టీ ట్యూనర్ టీ2 సిగ్నల్‌ను చదవలేదు. విదేశాల నుంచి ఎవరో తెచ్చి ఇచ్చిన టీవీ అయితే మరీ చూసుకోవాలి.

వీసీఆర్. పాత క్యాసెట్లు చూడటానికి ఏ అడ్డూ లేదు, ఎప్పటిలా తిరుగుతాయి. రికార్డింగే మారుతుంది. వీసీఆర్‌లో ఉన్నది కూడా అనలాగ్ ట్యూనరే కాబట్టి, బాక్సు తీగలు ముందు వీసీఆర్ ఏవీ ఇన్‌లోకి, అక్కడి నుంచి టీవీలోకి వెళ్లాలి. టైమర్ పెట్టినప్పుడు వీసీఆర్ ఏవీ లైన్‌లో ఉండాలి, అదే వేళకు బాక్సు ఆన్‌లో, సరైన ఛానల్‌లో ఉండాలి. వీసీఆర్ వచ్చి బాక్సు ఛానల్ మార్చదు. బాక్సులోనే టైమర్ ఉన్న రకం కొంటే అత్తయ్యగారికి సుఖం. ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డు చేయడం ఒక్క బాక్సుతో కాదు.

తెర మీద మాటలు బాక్సు మెనూలో ఆన్ చేయాలి. టీవీ రిమోట్‌లోని పాత బొత్తాం పనిచేయవచ్చు, చేయకపోవచ్చు. మామయ్యగారికి అవి ముఖ్యం కాబట్టి కొనేముందు దుకాణంలోనే పెట్టించి చూడండి, అక్షరాల సైజు మార్చుకునే వీలుంటే ఇంకా మంచిది.

రెండోరిమోట్

పై ఆయన తీగల గురించి అన్నీ చెప్పారు, నేను మనుషుల గురించి చెబుతాను. మా ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మార్పు దగ్గరుండి చేయించాను. చిక్కంతా రిమోట్ల దగ్గరే వచ్చింది.

మేడమెట్లు గారూ, టీవీ రిమోట్‌తో పొరపాటున ఛానల్ నొక్కితే టీవీ ఏవీ నుంచి బయటికి వస్తుంది, గడువు తర్వాత అక్కడ కనిపించేది చుక్కలే. ఇక "టీవీ పాడైంది" అని ఫోను. టీవీ రిమోట్‌లో ఆన్, ఆఫ్ తప్ప మిగిలిన బొత్తాల మీద బట్ట ప్లాస్టర్ అంటించేశాను. టీవీ శబ్దాన్ని బాగా పెంచి అలాగే వదిలి, తగ్గించడం పెంచడం బాక్సు రిమోట్‌తోనే అన్నాను. రెండింటినీ నడిపే ఒకే రిమోట్ కూడా దొరుకుతుంది. నాకు ప్లాస్టరే నచ్చింది, బ్యాటరీ తీసినా అది సెట్టింగ్ మరచిపోదు.

కొన్ని బాక్సులు కరెంటు ఆదా కోసం ఎవరూ బొత్తాం నొక్కకపోతే కొన్ని గంటలకు వాటంతట అవే ఆగిపోతాయి. సాయంత్రం నుంచి ఒకే ఛానల్ పెట్టుకుని కూర్చునే మనిషికి అది ఉన్నట్టుండి చావులా ఉంటుంది. మెనూలో ఆ ఏర్పాటు తీసేయండి. అక్కడే తెర ఆకారం 4:3 (పాత టీవీల వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) అని చెప్పండి, లేదంటే ముఖాలు నిలువుగా సాగిపోతాయి. చెప్పినా పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, అది జబ్బు కాదని ముందే చెప్పి ఉంచండి. ఛానల్ మార్చాక బొమ్మ రావడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుందనీ చెప్పండి. లేకపోతే ఆత్రంగా మళ్లీ మళ్లీ నొక్కి నాలుగు ఛానళ్లు దాటి పోతారు.

సాయం ఏదైనా ఉందేమో కూడా కనుక్కోండి. బ్రిటన్‌లో 2007లో వైట్‌హేవెన్‌తో మొదలుపెట్టి 2012 అక్టోబరు దాకా ప్రాంతాలవారీగా మార్చారు. 75 ఏళ్లు దాటినవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు బాక్సు ఇచ్చి, బిగించి, చూపించి వెళ్లే పథకం ఒకటి నడిపారు. అమెరికాలో ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లు ఇచ్చారు. అవి 90 రోజుల్లో చెల్లిపోయేవి. 2009 జనవరికల్లా నిధుల పరిమితి ముగిసి, ఆలస్యంగా అడిగినవాళ్లు వరుసలో నిలబడ్డారు. ఎక్కడైనా ఇలాంటివాటికి తొందరపడ్డవాళ్లే బాగుపడతారు.

మేడమెట్లు

అందరికీ చాలా కృతజ్ఞతలు. మరిదితో వీడియో కాల్‌లో చీటీ చదివించాను. అనలాగ్ పద్ధతుల పేర్లే ఉన్నాయి, డిజిటల్ ఊసే లేదు. ఇప్పుడు ఆయన నోరు మెదపడం లేదు, అదొక లాభం. మేడ మీద తీగ బల్లపరుపుదే. యాంటెన్నా స్తంభానికి చిన్న డబ్బా ఒకటి ఉంది, అది సిగ్నల్‌ను పెంచే బూస్టర్ అట, చాలా ఏళ్ల క్రితం పెట్టించారట. ఉంచాలా తీసేయాలా? ఇంకో సందేహం, ఇప్పుడే బాక్సు పెట్టి చూస్తే రెండు ఛానళ్లు రాకపోతే, గడువు తర్వాత కూడా రావని అర్థమా?

టంకంపొగ

రెండో దానికి ముందు జవాబు. అర్థం కాదు. కొన్ని చోట్ల అనలాగ్ నడిచినంతకాలం డిజిటల్‌ను తక్కువ శక్తితో ఇస్తారు, పాతది ఆగాక పెంచుతారు. బ్రిటన్‌లో అలాగే చేశారు. దానికి తారుమారుగానూ జరుగుతుంది. అమెరికా మొత్తం కంటే ముందు 2008 సెప్టెంబరు 8న విల్మింగ్టన్ అనే ఊళ్లో పరీక్షగా అనలాగ్ ఆపినప్పుడు, ఒక స్టేషన్ పాత ప్రసారం అందినంత దూరం కొత్తది అందక అంచుల్లో ఉన్నవాళ్లు దాన్ని పోగొట్టుకున్నారు. అందుకే ఇప్పుడు వచ్చినవీ రానివీ రాసిపెట్టుకోండి, తీగ మార్చండి, అంతకుమించి ఖర్చుపెట్టకండి. యాంటెన్నాను ఇంకా ఎత్తుకు లేపాలా అన్నది గడువు రోజు చూసి తేల్చుకోవచ్చు.

ఆ రోజు ఛానళ్లు మళ్లీ వెతికించాలి, ఇది ఎవరూ తప్పించుకోలేరు. తెర మీద కనిపించే నంబరు పేరు లాంటిది, లోపల అసలు ఫ్రీక్వెన్సీ వేరు. ఫ్రీక్వెన్సీ మారితే బాక్సు పాత చోటే వెతికి సిగ్నల్ లేదంటుంది. మామూలుగా స్కాన్ చేసినా కుదరకపోతే, యాంటెన్నా తీగ పీకి ఒకసారి స్కాన్ చేయించండి. ఏమీ దొరకక పాత జాబితా చెరిగిపోతుంది. అప్పుడు తీగ పెట్టి మళ్లీ స్కాన్ చేయండి. ఆ రోజు మీరు అక్కడ ఉండరేమో కాబట్టి, అత్తయ్యగారి చేత మీ ముందే ఒకసారి చేయించి, నొక్కాల్సిన బొత్తాలు వరుసగా రాసి టీవీ పక్కన అంటించండి. మామయ్యగారికి నేర్పకండి, ఆయన అప్పుడు చూద్దాం అంటారు.

బూస్టర్. ముందు దాన్ని తప్పించి, కొత్త తీగను నేరుగా బాక్సుకు కలిపి చూడండి. మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత అని రెండు గీతలు కనిపిస్తాయి. చూడాల్సింది నాణ్యత గీత. బలం నిండుగా ఉండి నాణ్యత ఊగుతుంటే, బూస్టర్ మంచితో పాటు చెత్తనూ పెంచుతోందన్నమాట. దగ్గర్లో ప్రసార టవర్ ఉంటే అది సిగ్నల్‌ను మితిమీరి పెంచి అసలే రానివ్వదు. ఇంకో చిక్కు, టీవీ వదిలిన జాగాలోకి మొబైల్ సిగ్నళ్లు వస్తాయని మొదట రాశాను కదా. పాత బూస్టర్లు వాటినీ టీవీ సిగ్నలే అనుకుని పెంచుతాయి. బ్రిటన్‌లో 800 మెగాహెర్ట్జ్‌లో 4జీ వచ్చినప్పుడు ఆ బెడద ఉన్న ఇళ్లకు ఫిల్టర్లు పంచారు. బూస్టర్ లేకుండా నాణ్యత నిలకడగా ఉంటే అది అటకెక్కాల్సిందే. తప్పనిసరైతే, ఆ మొబైల్ బ్యాండును అడ్డుకునే కొత్త రకం తీసుకుని యాంటెన్నా దగ్గరే బిగించండి. తీగ చివర టీవీ వెనక పెడితే దారిలో పోయిన సిగ్నల్‌ను అది తిరిగి తేలేదు.

పడకగది టీవీకి బాక్సు కొనే ముందు అక్కడ నిజంగా ఎవరైనా చూస్తున్నారేమో అడగండి. మరిదిగారు వచ్చినప్పుడు తప్ప ఎవరూ చూడకపోతే, ఆ బాక్సు డబ్బుతో వంటింటికి మేడ మీది నుంచి తీగ లాగించవచ్చు. మేడ మీది పని ఎండ ఉన్న రోజు పెట్టుకోండి, కరెంటు తీగలు యాంటెన్నా దరిదాపుల్లో ఉంటే మీరు ఎక్కవద్దు, పనివాణ్ణి పిలవండి. పిక్చర్ ట్యూబు టీవీ వెనక మూత మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి. జాక్‌లన్నీ బయటే ఉన్నాయి, లోపల మీకు పని లేదు.